బుడిపెల లెక్క: వేరుశనగ, అలసంద వేర్లతో ఒక ప్రాజెక్టు డైరీ

మృగశిర కార్తె

అనంతపురం జిల్లాలో మా ఊరి ఎర్రనేలల్లో వేరుశనగ వేయని ఇల్లు దాదాపు ఉండదు. ఆ మొక్కను పెరికినప్పుడు వేర్లకు అంటుకుని వచ్చే సన్నని గుండ్రని బుడిపెలు చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే రైజోబియం బాక్టీరియా వాటిలో కాపురం ఉంటుందని బడి పుస్తకం చెబుతుంది. మొక్క చక్కెర ఇస్తుంది, బాక్టీరియా నత్రజని ఇస్తుంది, ఇద్దరికీ లాభం. పాఠం అక్కడితో అయిపోతుంది. నాకు కావలసింది ఆ తర్వాతి సంగతి. ఎవరు ఎంత ఇస్తున్నారు, ఎప్పుడు ఇవ్వడం మానేస్తారు, మధ్యలో మూడో ప్రాణి వస్తే ఏమవుతుంది? వేర్లు తవ్వి, కడిగి, కోసి చూస్తే తప్ప ఇది తేలదు. అందుకే ఈ ఖరీఫ్‌లో పెరట్లో సంచులు పెట్టాను.

పంటలు మూడు: వేరుశనగ, అలసంద, సోయాచిక్కుడు. మొదటి రెండూ మా నేలకు పాత చుట్టాలు. సోయా ఈ చేలల్లో ఎన్నడూ పండలేదు, దాన్ని తెచ్చింది అందుకే. ఒక్కో పంటకు నాలుగు రకాల సంచులు. చేని మట్టి ఒకటి. చేని మట్టికి యూరియా కలిపినది ఒకటి. బాగా కడిగి, గంగాళంలో ఆవిరి పట్టించిన ఏటి ఇసుక ఒకటి. అదే ఇసుకలో కల్చర్ (పొట్లాల్లో వచ్చే రైజోబియం పొడి) పట్టించిన విత్తనం వేసినది మరొకటి. ఇసుకలో నత్రజని తప్ప మిగతావి అందేలా సూపర్ ఫాస్ఫేటు, జిప్సం, కాస్త కట్టెల బూడిద కలిపాను. మధ్య మధ్య మొక్కలను తవ్వి చూడాలి కాబట్టి ప్రతి రకంలోనూ అదనపు సంచులు ఉన్నాయి.

కల్చర్ పట్టించడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది దగ్గర ఈ పని ఇక్కడే చెడుతుంది. పొట్లంలో ఉన్నది నల్లటి పొడి, దానిలో ఉన్నవి బతికి ఉన్న జీవులు. ఎండలో పెట్టిన పొట్లం, గడువు దాటిన పొట్లం రెండూ వృథా. బెల్లం నీళ్లు మరిగించి పూర్తిగా చల్లారనివ్వాలి. ఆ జిగురులో పొడి కలిపి, విత్తనాలకు పలుచగా పట్టించి, నీడన ఆరబెట్టి, ఆ పూటే విత్తాలి. వేరుశనగ గింజ పైపొర చాలా సున్నితం. గట్టిగా రుద్దితే ఊడిపోతుంది, కాబట్టి పళ్లెంలో వేసి మెల్లగా దొర్లించాలి. శిలీంధ్రనాశిని వాడేవాళ్లు ముందు దాన్ని పట్టించి ఆరిన తర్వాత, చివరగా విత్తే ముందు కల్చర్ పట్టించాలి. కొట్టులో దొరికే రంగు పట్టించిన విత్తనంలో అప్పటికే మందు ఉంటుంది. నేను ఇంట్లో దాచుకున్న కాయలు ఒలిచి వాడాను.

ఇంకొక మాట. వేరుశనగకు, అలసందకు ఒకే తెగ రైజోబియం పనికొస్తుంది. సోయాకు దాని కల్చర్ దానికే ఉండాలి. అన్ని పప్పుజాతి మొక్కలకూ ఒకే పొట్లం సరిపోతుందని అనుకోకూడదు.

ఆరుద్ర కార్తె

మొలకలు బాగా వచ్చాయి. పైనుంచి చూస్తే నాలుగు రకాల సంచులకూ తేడా లేదు. గింజలో దాచుకున్న తిండి ఇంకా నడుస్తోంది.

కార్తె చివర మొదటి తవ్వకం. వేర్లు చూడాలనుకునేవాళ్లు మొక్కను పట్టుకుని లాగకూడదు, బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. సంచిని నీళ్లతో బాగా నానబెట్టి, పక్కన నిలువుగా కోసి, మట్టి గడ్డను అలాగే బకెట్లో దింపాలి. మట్టి దానంతట అది కరిగిపోతుంది. కింద జల్లెడ పెడితే రాలిన బుడిపెలు కూడా దక్కుతాయి.

చేని మట్టిలో పెరిగిన అలసందకు ఆవగింజలో సగమంత బుడిపెలు, తెల్లగా, పక్క వేర్ల మీద అక్కడక్కడా కనిపించాయి. వేరుశనగకు ఇంకా ఏమీ లేవు. అది కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టే పంట.

ఈ బుడిపె పుట్టడానికి ముందు జరిగే వ్యవహారం కంటికి కనిపించదు గానీ తెలుసుకోదగ్గది. నత్రజని తక్కువైన వేరు ఫ్లేవనాయిడ్లనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. సరిపడే బాక్టీరియా దాన్ని పసిగట్టి తన వైపు నుంచి ఒక రసాయన సంకేతం పంపుతుంది. ఆ సంకేతం సరిపోతేనే అలసంద వేరు రోమం కొసన మెలితిరిగి బాక్టీరియాను చుట్టుకుని, లోపలికి సన్నని గొట్టంలాంటి దారి వేస్తుంది. సంకేతం సరిపోకపోతే తలుపు తెరుచుకోదు. సోయా సంచులు దీనికి సాక్ష్యం చెబుతాయని ఎదురుచూస్తున్నాను.

పునర్వసు కార్తె

ఈ కార్తెలో చూసినన్ని సంగతులు ముందు చూడలేదు.

మొదట వేరుశనగ. బుడిపెలు వచ్చాయి, అవి ఉన్న చోటు చూడవలసిందే. అలసందలో బుడిపె వేరు మీద ఎక్కడైనా కనిపిస్తుంది. వేరుశనగలో మాత్రం తల్లివేరు నుంచి పిల్లవేరు చీలే మూలలోనే ఉంటుంది, ప్రతి బుడిపె పక్కనా ఒక పిల్లవేరు. భూతద్దం పెట్టి వెతికినా వేరే చోట ఒక్కటి కూడా దొరకలేదు. కారణం ఏమిటంటే, వేరుశనగలో బాక్టీరియా వేరు రోమం గుండా రాదు. పిల్లవేరు తల్లివేరును చీల్చుకుని బయటకు వచ్చేటప్పుడు అక్కడ సన్నని పగులు ఏర్పడుతుంది, బాక్టీరియా ఆ పగులులోంచి దూరుతుంది. ఒకే తెగ బాక్టీరియాకు అలసంద ఒక దారి తెరిస్తే వేరుశనగ మరో దారి తెరుస్తోంది.

తర్వాత బ్లేడుతో కోత. అలసంద బుడిపెను అడ్డంగా కోస్తే లోపల మాంసంలా ఎర్రగా ఉంది. వేలితో నొక్కితే గులాబీ రంగు రసం అంటింది. మా మేనకోడలు తొమ్మిదో తరగతి. సెలవు రోజుల్లో ఈ పనికి నాకు తోడు తనే.

"మామయ్యా, ఇది రక్తమా?" అంది.

"రక్తం కాదు గానీ, దానికి దగ్గర బంధువే" అన్నాను.

అది లెగ్‌హీమోగ్లోబిన్. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లాగే దానిలోనూ ఇనుముతో కూడిన హీమ్ ఉంది, అది కూడా ఆక్సిజన్‌ను పట్టుకునేదే. మొక్కకు దాని అవసరం ఎందుకంటే, నత్రజనిని విడగొట్టే నైట్రోజినేస్ ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కానీ ఆ పని చేసే బాక్టీరియాకు ఊపిరికి ఆక్సిజన్ కావాలి. కాబట్టి ఆక్సిజన్ స్వేచ్ఛగా తిరగకూడదు, అలాగని అందకుండానూ పోకూడదు. లెగ్‌హీమోగ్లోబిన్ దాన్ని పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందిస్తుంది. ఎరుపు ఉన్న బుడిపె పని చేస్తున్న బుడిపె. తెల్లగా ఉంటే ఇంకా మొదలవలేదు, లేదా లోపల ఉన్నది పని చేయని రకం. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే పని అయిపోయినట్టు. రైతు చేతిలో ఒక బ్లేడు ఉంటే చాలు, ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని అణువులో రెండు పరమాణువులను కలిపి ఉంచిన బంధం చాలా గట్టిది. ఎరువుల కర్మాగారంలో దాన్ని విడగొట్టి అమ్మోనియా చేయడానికి 400 డిగ్రీలకు పైబడిన వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లను మించిన ఒత్తిడి పెడతారు. ఈ ఆవగింజంత బుడిపె అదే పనిని మట్టి చల్లదనంలో చేస్తోంది. ఇది తెలిసిన సంగతే అయినా, కోసిన బుడిపెను అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే ఒళ్లు పులకరించింది.

పైన ఆకుల సంగతి: ఉత్త ఇసుక సంచుల్లో కింది ఆకులు పసుపు పచ్చగా మారుతున్నాయి. నత్రజని చాలకపోతే మొక్క పాత ఆకుల నుంచి దాన్ని తీసి కొత్త చిగుళ్లకు పంపుతుంది, అందుకే పసుపు కింది నుంచి మొదలవుతుంది. కల్చర్ పట్టించిన ఇసుక సంచులు కూడా మొదట ఇలాగే పాలిపోయాయి, ఇప్పుడు తేరుకుంటున్నాయి. బుడిపె కట్టడానికి మొక్క ముందు తన దగ్గర ఉన్నది ఖర్చు పెట్టాలి, రాబడి ఆ తర్వాతే. గింజలో తిండి అయిపోయి బుడిపె ఇంకా అక్కరకు రాని ఆ వారం మొక్కకు నిజంగా కష్టకాలం. విత్తేటప్పుడు కొద్దిపాటి నత్రజని వేయమని వ్యవసాయ శాఖవాళ్లు చెప్పేది ఈ సందు కోసమే.

సోయా: చేని మట్టిలో బుడిపెలు లేవనే చెప్పాలి. కల్చర్ పట్టించిన దానికి తల్లివేరు పైభాగాన మిరియాలంత బుడిపెలు గుత్తిగా ఉన్నాయి. అంటే మా మట్టిలో రైజోబియం పుష్కలంగా ఉంది గానీ, సోయాకు కావలసింది అది కాదు.

పుష్యమి కార్తె

యూరియా సంచులు తవ్వాను. ఈ ప్రాజెక్టులో నేను అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూసిన రోజు ఇది.

పైన చూస్తే అన్నిటికంటే నిగనిగలాడుతున్న మొక్కలు ఇవే. ఆకు ముదురు పచ్చ, కాడ లావు. వేర్లు కడిగితే దాదాపు బోడిగా ఉన్నాయి. యూరియా లేని చేని మట్టిలో ఒక్కో అలసంద మొక్కకు ముప్ఫై దాకా బుడిపెలు ఉంటే, ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉన్నవి కూడా చిన్నవి, కోస్తే లేత రంగు. మట్టి అదే, బాక్టీరియా అదే, విత్తనం అదే. మట్టిలో నత్రజని ఊరికే దొరుకుతున్నప్పుడు మొక్క బుడిపెలు కట్టదు.

కట్టకపోవడానికి కారణం ఖర్చు. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువులు కనీసం 16 కరిగిపోతాయి. ఆ శక్తి అంతా ఆకు ఎండలో వండిన చక్కెర నుంచి రావాలి. బుడిపెను మేపడమంటే కాయకు, కొమ్మకు, వేరుకు పోవలసిన చక్కెరను అటు మళ్లించడమే. అవసరం లేనప్పుడు మొక్క ఆ పని చేయదు.

నాన్న వేర్లు చూసి, "పైపాటుగా యూరియా ఎక్కువ వేస్తే చెట్టు ఎగబడుతుంది గానీ కాయ ఊరదని మా నాన్న అనేవాడు. వేర్ల సంగతి ఆయనకు ఎవరూ చూపించలేదు" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు రెండు రకాల వేర్లను పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు.

మరి బాక్టీరియా మోసం చేస్తే? లోపల చేరి, చక్కెర తింటూ, నత్రజని పని మానేసే రకాలు మట్టిలో ఉంటాయి. దీనికి 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు సోయా మీద చేసిన ప్రయోగం చక్కటి జవాబు. కొన్ని బుడిపెల చుట్టూ గాలిలోని నత్రజని తీసేసి ఆర్గాన్ అనే జడవాయువు నింపారు. బాక్టీరియా మంచిదే, కానీ విడగొట్టడానికి నత్రజని లేదు. ఏమీ ఇవ్వని ఆ బుడిపెలకు ఆక్సిజన్ అందడం తగ్గిపోయింది, వాటిలో బాక్టీరియా సంతతి కూడా తగ్గింది. మొక్క బుడిపె బుడిపెకూ విడిగా లెక్క చూస్తోందన్నమాట. సహజీవనం అంటే చెలిమి అని పిల్లలకు చెప్పి వదిలేయడం నాకు నచ్చదు. ఇక్కడ ఉన్నది ఇచ్చిపుచ్చుకోవడం, దానికి కాపలా, తప్పితే శిక్ష. ఇంత గట్టి కట్టుబాటు ఉంది కాబట్టే ఈ పొత్తు కోట్ల ఏళ్లు నిలిచింది.

మరో పరిశీలన. పెరట్లో టమాటా మొక్క ఒకటి వడలిపోతుంటే పీకి చూశాను. దాని వేర్లకూ బుడిపెలే. మేనకోడలు సంబరపడి బ్లేడు తెచ్చింది. కోస్తే లోపల ఎరుపు లేదు. ఇవి వేరుముడి నులిపురుగు చేసినవి, మొక్కను పీల్చి బతికే పరాన్నజీవి. గుర్తుపట్టడం తేలిక. రైజోబియం బుడిపె వేరు పక్కన అతికించినట్టు ఉండి, గోటితో తోస్తే ఊడి వస్తుంది. నులిపురుగు బుడిపెలో వేరే ఉబ్బి ఉంటుంది, ఊడదీస్తే వేరు తెగుతుంది. పప్పుజాతి మొక్కకూ నులిపురుగు పడుతుంది కాబట్టి బుడిపెలు చూడగానే సంతోషించకుండా కోసి చూడాలి.

ఆశ్లేష కార్తె

బెట్ట. వాన ముఖం చాటేసింది. సంచులు కొన్నింటికి నీళ్లు ఆపి చూశాను. ఆకులు ఇంకా వాడకముందే బుడిపెల లోపలి ఎరుపు తగ్గి ఆకుపచ్చ వైపు తిరిగింది. కష్టం వచ్చినప్పుడు మొక్క మొదట కోత పెట్టేది ఈ పద్దుకే. మళ్లీ తడి ఇచ్చాక పాతవి కోలుకోలేదు, కొత్త వేర్ల మీద కొత్త బుడిపెలు మొదలయ్యాయి.

అలసంద పూతకు వచ్చింది, దానితోపాటు చీమలూ వచ్చాయి. అలసంద పూకాడ మీద పువ్వుకు బయటే తేనె ఊరే చిన్న గ్రంథులు ఉంటాయి. పొద్దున చూస్తే చుక్కలు మెరుస్తుంటాయి. పరాగం మోసే కీటకాల కోసం కాదు ఇవి, చీమల కోసం. తేనెకు వచ్చిన చీమ కొమ్మ మీద తిరుగుతూ ఆకు తినే పురుగులను తరిమేస్తుంది. ఇది రెండో పొత్తు.

అదే కాడ మీద కొద్దిగా కిందికి నల్ల పేనుబంక. అది మొక్క రసం పీల్చి, తియ్యటి జిగురును విసర్జిస్తుంది. చీమలకు అదీ ఇష్టమే. ఆ జిగురు కోసం చీమలు పేనుబంకకు కాపలా కాస్తాయి. అక్షింతల పురుగు ఒకటి వచ్చి పేనుబంకను తినబోతే రెండు చీమలు మీదపడి కాళ్లు పట్టి లాగి తరిమేశాయి. మొక్క జీతమిచ్చి పెట్టుకున్న కాపలా, మొక్క శత్రువుకూ కాపలా కాస్తోంది. సహజీవనాన్ని ఇద్దరి మధ్య గీతలా గీయలేమని ఈ ఒక్క కాడ చూపించింది. చీమకు, పేనుబంకకు మధ్య ఉన్నది అచ్చమైన పరస్పర లాభమే, దాని ఖర్చు మాత్రం అలసందది.

కొన్ని మొక్కల మొదట్లో గుడ్డపీలిక చుట్టి దాని మీద చిక్కటి గ్రీజు పూశాను. సంచులు ఎడంగా ఉన్నాయి కాబట్టి ఆకుల మీదుగా దాటే వీలు లేదు. చీమలు ఆగిపోయాయి. కొన్నాళ్లకు ఆ మొక్కల మీద అక్షింతల పురుగులు, వాటి ముళ్ల పిల్లలు చేరి పేనుబంకను దాదాపు ఊడ్చేశాయి. గ్రీజు లేని మొక్కల మీద పేనుబంక కాయల దాకా పాకింది. పేనుబంక లేని ఏడాది అయితే చీమలు ఆగడం వల్ల మొక్కకు నష్టమే జరిగి ఉండేదేమో. అది వచ్చే సాలు చూడాలి.

మఖ కార్తె

వాన పడింది. వేరుశనగ ఊడలు, అంటే కొసన కాయ కట్టే కాడలు, నేలలోకి దిగుతున్నాయి.

బడిలో సైన్సు మాస్టారు సూక్ష్మదర్శిని ఇచ్చారు. ఈసారి వేరు లోపలి శిలీంధ్రం కోసం. సన్నని వేర్లను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేస్తే లోపలి రంగు పోయి తేటపడతాయి. అది ఒంటిని కాల్చే ద్రావణం కాబట్టి ఆ పని మాస్టారు చేతులకు తొడుగులు వేసుకుని తానే చేశారు. తర్వాత కడిగి, తెల్ల వెనిగర్‌లో కొద్దిగా పెన్ను సిరా కలిపి దానిలో వేర్లను మరిగించాము. ఖరీదైన రంగులు అక్కర్లేదు. సిరాను వేరు వదిలేస్తుంది, శిలీంధ్రం పట్టుకుంటుంది.

చేని మట్టిలోని వేరుశనగ వేర్లలో నీలి దారాలు కణాల మధ్య సాగి కనిపించాయి. కొన్ని కణాల లోపల గుబురుగా కొమ్మలు చీలిన ఆకారాలు ఉన్నాయి. మొక్క, శిలీంధ్రం సరుకు మార్చుకునేది ఆ కొమ్మల దగ్గరే. శిలీంధ్రం దూరం మట్టిలోంచి భాస్వరం తెస్తుంది, మొక్క చక్కెర, కొవ్వు ఇస్తుంది. ఆవిరి పట్టించిన ఇసుకలోని వేర్లలో దారాలు లేవు.

బుడిపెకు దీనికి సంబంధం ఉంది. ఏటీపీలో భాస్వరం ఉంటుంది కాబట్టి బుడిపెకు భాస్వరం ఆకలి ఎక్కువ. శిలీంధ్రం తెచ్చేది ఆ బాక్టీరియా పనికి కూడా ఆసరా అవుతుంది. ఇంకా లోతుకు వెళ్తే, శిలీంధ్రాన్ని లోపలికి రానిచ్చే జన్యువులలో చాలావాటినే పప్పుజాతి మొక్కలు రైజోబియంను రానివ్వడానికీ వాడుకుంటున్నాయి. శిలీంధ్రంతో పొత్తు మరీ పాతది. స్కాట్లండ్‌లోని రైనీ దగ్గర దొరికిన, 40 కోట్ల ఏళ్లకు పైబడిన మొక్కల శిలాజాల్లో ఇవే కొమ్మల ఆకారాలు ఉన్నాయి. బుడిపెల పొత్తు దాని తర్వాత ఎంతో కాలానికి వచ్చింది, పాత తలుపు గుండానే.

పుబ్బ కార్తె

అలసంద కాయలు కోశాము. మొక్కలు తవ్వితే బుడిపెలు గోధుమ రంగుకు తిరిగి, నొక్కితే తొక్క మాత్రమే మిగులుతోంది. ఒకటి రెండు కణాలుగా లోపలికి వెళ్లిన బాక్టీరియా బుడిపెలో లక్షలుగా పెరిగింది. బుడిపె కుళ్లగానే వాటిలో కొన్ని తిరిగి మట్టిలో కలుస్తాయి. బాక్టీరియాకు ముట్టిన లాభం అదే.

మొక్కకు ముట్టిన లాభం కాయల్లో ఉంది. వేరుశనగ గింజలో సుమారు నాలుగో వంతు మాంసకృత్తులు, మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని. అంటే క్వింటా గింజల్లో 4 కిలోల నత్రజని ఉన్నట్టు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన సుమారు 20 కిలోలు. అయిదు క్వింటాళ్ల గింజలు అమ్మితే దాదాపు ఒక బస్తా యూరియా అంత నత్రజని చేను దాటి వెళ్లిపోతుంది. దానిలో గాలి నుంచి వచ్చినది కొంత, మట్టి నుంచి వచ్చినది కొంత. ఆ పైన మేము మొక్కను వేర్లతో సహా పీకి, కాయ కోసుకుని, మిగిలిన కట్టెను (ఎండిన మొక్కను) పశువులకు వేస్తాము. పశువుల ఎరువు తిరిగి ఆ చేనికే వస్తే కొంత మిగిలినట్టు. కట్టెను అమ్ముకుంటే అదీ లేదు. వేరుశనగ వేస్తే నేలకు బలం అనే మాటను ఇంత గుడ్డిగా నమ్మకూడదని నాన్నతో అంటే, ఆయన ఒప్పుకున్నారు. ఒకప్పుడు ఎరువు కోసం మడిలో మంద కట్టించేవాళ్లమని, ఇప్పుడు గొర్రెల మందలే తక్కువయ్యాయని గుర్తు చేశారు.

పచ్చిరొట్ట పైరు సంగతి వేరు. జనుమును పూత దశలో దున్నేస్తే గింజకు పోవలసిన నత్రజని అంతా ఆకులోనే ఉండగా మట్టిలో కలుస్తుంది. పెరటి పక్కన అలసంద వేసిన మడి ఇప్పుడు ఖాళీ అయింది. దానిని మధ్యకు గట్టు వేసి రెండుగా చేశాము. ఒక సగంలో అలసంద తీగలను అలాగే దున్ని, పదును చూసి జనుము చల్లుతాము. రెండో సగంలో తీగలు పీకి పశువులకు వేసి, నేలను బీడుగా వదులుతాము. వచ్చే మృగశిరకు రెండు సగాల్లోనూ ఒకే విత్తనం, యూరియా లేకుండా జొన్న. జొన్నకు బుడిపెలు ఉండవు కాబట్టి మట్టిలో ఎంత మిగిలిందో ఆకు రంగే చెప్పాలి. జనుము విత్తనం తెచ్చి పెట్టాను. చేనిలోని వేరుశనగ ఇంకా నేలలోనే ఉంది, దాని బుడిపెల లెక్క కాయ కోత రోజున రాస్తాను.